గేమ్‌ని సినిమా చదివినట్టు చదవొచ్చా? డిసర్టేషన్ చేసేవాళ్ళకి నా సమాధానం

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: బెంగళూరులో మీడియా స్టడీస్ ఎం.ఏ. రెండో ఏడు, డిసర్టేషన్ వీడియో గేమ్స్ మీద చేద్దామని ఉంది, మీ గైడేమో "సినిమాని ఎలా ఎనలైజ్ చేస్తామో గేమ్‌నీ అలాగే చెయ్యి, కథ, పాత్రలు, కెమెరా చూసి రాసెయ్" అన్నారు, నెట్‌లో వెతికితే "గేమ్ అంటే కథ కాదు రూల్సే" అని ఇంకో బ్యాచ్ కొట్లాడుతోంది, ఎవరి మాట వినాలో తెలియట్లేదు. దానితోపాటు తెలుగువాళ్ళకి దగ్గరగా ఉండే టాపిక్ ఏదైనా ఉందా, మంచి పీసీ లేదు ఫోన్‌తోనే పని అవుతుందా అని కూడా అడిగారు. నేను ఇక్కడే బెంగళూరులో గేమ్ స్టూడియోల్లో టెస్టింగ్‌తో మొదలుపెట్టి లెవెల్ డిజైన్ దాకా పని చేశాను, ఇప్పుడు డిజైన్ స్టూడెంట్స్‌కి క్లాసులు చెప్తున్నా, కాబట్టి తయారీ వైపు నుంచి కనిపించేవి ఎక్కువ చెప్తాను, థియరీ అవసరమైనంతే.

మీ గైడ్ మాట సగం కరెక్టేనండీ. గేమ్స్ సినిమా నుంచి, కామిక్స్ నుంచి, టీవీ నుంచి, రేడియో నుంచి తీసుకోనిది ఏమీ లేదు. కానీ "ఇది సినిమాలోంచి వచ్చింది, అది కామిక్స్‌లోంచి వచ్చింది" అని లెక్క రాసుకుంటూ పోతే చివరికి మీ దగ్గర ఒక జాబితా ఉంటుంది, థీసిస్ ఉండదు. తెచ్చుకున్నదానికి గేమ్‌లో ఏ పని అప్పజెప్పారు, ఆ పని ఆడేవాడి చేతిలో పడ్డాక ఏమైంది, నన్నడిగితే మీరు తవ్వాల్సింది ఇక్కడే. ఒక్క ఉదాహరణ గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది.

మాక్స్ పేన్ తీసుకోండి, 2001లో వచ్చింది, ఫిన్లాండ్‌లో రెమెడీ అనే స్టూడియో చేసింది. మన దగ్గర నెట్ సెంటర్లలో, ఎస్.పీ. రోడ్ ఎలక్ట్రానిక్స్ బజార్లో దొరికే సీడీల్లో తెగ తిరిగిన గేమే. అందులో హీరో స్లో మోషన్‌లో పక్కకి దూకుతూ రెండు చేతులతో కాలుస్తాడు. అందరూ "మ్యాట్రిక్స్ కాపీ" అంటారు, ఆ సినిమా 1999లో వచ్చింది, గేమ్ పని మాత్రం అంతకుముందే మొదలైంది, ఇద్దరూ తొంగిచూసింది హాంకాంగ్ యాక్షన్ సినిమాల వైపే. సరే ఎవరు ఎవర్ని కాపీ కొట్టారన్నది వదిలేద్దాం. సినిమాలో స్లో మోషన్ డైరెక్టర్ మనకి చూపించే విందు, మనం కూర్చుని చూస్తాం, ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఆగాలో ఎడిటింగ్ టేబుల్ మీదే తేలిపోయింది. గేమ్‌లో అదే స్లో మోషన్ ఒక సరుకు అయిపోయింది, స్క్రీన్ మూల ఇసుక గడియారం బొమ్మ ఉంటుంది, వాడే కొద్దీ అయిపోతుంది, శత్రువుల్ని పడేస్తే మళ్ళీ నిండుతుంది. అంటే ఇప్పుడు ఆడేవాడు "ఇద్దరే ఉన్నారు కదా ఇక్కడ వాడనా, లేక తలుపు అవతల ఆరుగురుంటే దాచుకోనా" అని పిసినారిలా ఆలోచిస్తున్నాడు. సినిమాలో అందంగా కనపడిన వస్తువు గేమ్‌లోకి వచ్చాక నెలాఖరు బడ్జెట్ అయి కూర్చుంది.

అదే గేమ్‌లో కథ చెప్పడానికి సినిమా సీన్లు పెట్టకుండా కామిక్స్ పేజీల్లాంటి ప్యానెల్స్ పెట్టారు, పైన హీరో గొంతు వినిపిస్తుంది. చిన్న స్టూడియోకి అది చవక, కథ మారితే ప్యానెల్ మార్చుకోవచ్చు, యానిమేషన్ మళ్ళీ చెయ్యక్కర్లేదు. మెయిన్ రైటర్ సామ్ లేక్ మొహమే హీరోకి పెట్టేశారు. మీలాంటి మీడియా స్టడీస్ వాళ్ళు "నోయిర్ ఈస్తటిక్" (చీకటి నేర సినిమాల శైలి) అని నాలుగు పేజీలు రాసే చోట స్టూడియో వాళ్ళకి కనపడేది ఖర్చు లెక్క. రెండూ నిజమే, రెండూ రాయండి. తర్వాత 2008లో దాన్ని హాలీవుడ్ వాళ్ళు సినిమాగా తీశారు, స్లో మోషన్ ఉంది, ఇసుక గడియారం పోయింది, అంటే స్లో మోషన్ మళ్ళీ విందు అయిపోయింది. ఒకే టెక్నిక్ సినిమా నుంచి గేమ్‌కి, గేమ్ నుంచి మళ్ళీ సినిమాకి వెళ్ళింది, ప్రతి మలుపులో పని మారింది. ఒక చాప్టర్ అయిపోయింది చూడండి.

కెమెరా సంగతి ఇంకా బావుంటుంది. రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ గేమ్ 1996లో వచ్చినప్పుడు కెమెరా గోడకి కొట్టిన మేకులా కదలదు, గదికో రెండు మూడు యాంగిల్స్, అచ్చం హారర్ సినిమా షాట్లు. కారణం సగం టెక్నికల్, మొదటి ప్లేస్టేషన్‌కి అంత వివరంగా త్రీడీ గదులు గీసే బలం లేదు, అందుకే వెనక బ్యాక్‌గ్రౌండ్లు ముందే గీసిన బొమ్మలు, బొమ్మ అంటే యాంగిల్ మార్చలేం. కానీ దాని ఫలితం ఏంటంటే మలుపు అవతల ఏముందో హీరోకి కనిపిస్తూ ఉండాలి, ఆడేవాడికి కనపడదు, శబ్దం మాత్రం వస్తుంది. తలుపు తీసినప్పుడల్లా చీకట్లో ఒక తలుపు నెమ్మదిగా తెరుచుకునే చిన్న యానిమేషన్ వస్తుంది, అది నిజానికి లోడింగ్ స్క్రీన్, డిస్క్ నుంచి తర్వాతి గది ఎక్కుతోంది అంతే, కానీ ఆ కొన్ని సెకన్లు గుండె ఆగిపోయేది. 2005లో నాలుగో గేమ్‌కి కెమెరాని హీరో భుజం వెనక్కి తెచ్చారు, 2017లో ఏడో గేమ్‌కి ఏకంగా కళ్ళ స్థానంలో పెట్టేశారు. ఒకే సిరీస్, ఒకే భయం, మూడు కెమెరాలు. ఫిల్మ్ స్టడీస్‌లో నేర్చుకున్న షాట్ పదజాలం మొదటిదానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, రెండోదానికి కొంత, మూడోదానికి దాదాపు చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అక్కడ షాట్ కంపోజ్ చేస్తున్నది కంట్రోలర్ మీద ఆడేవాడి కుడి బొటనవేలు. మీ గైడ్‌కి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారు.

ఇంకో చిత్రం, గేమ్స్‌లో అసలు లెన్స్ అనేదే లేదు కదా, అయినా సూర్యుడి వైపు తిరిగితే లెన్స్ ఫ్లేర్ (లెన్స్‌లో పడే వెలుతురు మరకలు) వస్తుంది, వానలో స్క్రీన్ మీద నీటి చుక్కలు పడతాయి, కొన్నింట్లో పాత ఫిల్మ్ రీలు మీద ఉండే గరుకు కూడా వేస్తారు. లేని కెమెరాకి ఉన్న లోపాలన్నీ పనిగట్టుకుని గీస్తారు, దానికి ఆర్టిస్టుల జీతాలు వేరే. ఎందుకంటే మన కళ్ళకి "నిజం" అంటే కెమెరాలో పడిన నిజం అని అలవాటైపోయింది. ఒక మీడియం ఇంకో మీడియాని తనలోకి తీసుకుని తిరగరాయడం గురించి బోల్టర్, గ్రూసిన్ అనే ఇద్దరు 1999లో రెమీడియేషన్ అని పుస్తకమే రాశారు, మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది, అందులో గేమ్స్ గురించి కూడా ఉంది చదవండి.

మనవాళ్ళకి దగ్గరి ఉదాహరణ కావాలంటే ఈఏ అనే గేమ్ కంపెనీ వాళ్ళ క్రికెట్ 07. అది గ్రౌండ్‌లో ఆడే క్రికెట్‌ని కాపీ చెయ్యలేదు, టీవీలో వచ్చే క్రికెట్‌ని కాపీ చేసింది. రిచీ బెనో, మార్క్ నికోలస్ కామెంటరీ, స్కోర్ గ్రాఫిక్స్, అవుటయ్యాక రీప్లే. గల్లీ క్రికెట్ ఆడినవాడికి రీప్లే ఎక్కడిది చెప్పండి, అవుటా కాదా అని గొడవే ఉంటుంది. ఆ తర్వాత కంపెనీ ఆ సిరీస్‌ని వదిలేసింది, ఫ్యాన్స్ వదల్లేదు, కొత్త జెర్సీలు, ఐపీఎల్ టీములు, కొత్త స్కోర్‌బోర్డులు ప్యాచ్‌లుగా (గేమ్‌కి అతికించే ఫైళ్ళుగా) చేసి ఏళ్ళ తరబడి బతికించారు. టీవీ ఛానెల్ గ్రాఫిక్స్ మారినప్పుడల్లా గేమ్‌లో కూడా మార్చేవాళ్ళు చూడండి, అంత పట్టుదల. ఇది ఒక్కటే ఒక డిసర్టేషన్‌కి సరిపోతుంది, ఇంకెవరూ చెయ్యకముందే మీరు చెయ్యండి అంటా.

కట్‌సీన్ల (ఆట ఆపి కథ చూపించే సినిమా ముక్కల) గురించి ఎక్కువ చెప్పను, అందరూ దాని మీదే రాస్తారు. 1980 ప్యాక్‌మ్యాన్‌లోనే కొన్ని రౌండ్లయ్యాక చిన్న కార్టూన్ ముక్కలు వచ్చేవి, చేతులకి విశ్రాంతి, ఇక్కడిదాకా వచ్చినందుకు బహుమతి, అక్కడ నుంచి 2018 గాడ్ ఆఫ్ వార్ దాకా రండి, అందులో మొదటి నుంచి చివరి దాకా కెమెరా ఎక్కడా కట్ అవ్వదు. సింగిల్ షాట్ సినిమా తీస్తే డైరెక్టర్‌కి చప్పట్లు కొడతాం. గేమ్‌లో అది మామూలు విషయమే, ఆడుతున్నంతసేపూ ఎలాగూ కట్ ఉండదు, కాబట్టి అక్కడ గొప్పతనం వేరే చోట ఉంది, కథ చెప్పే ముక్కలు ఆట ముక్కలు అతుకు కనపడకుండా కలపడంలో.

ఇప్పుడు మీరు నెట్‌లో చూసిన కథా రూల్సా అనే కొట్లాట. 1997లో జానెట్ మర్రీ కంప్యూటర్ కథల భవిష్యత్తు మీద పుస్తకం రాస్తూ టెట్రిస్ అనే ముక్కలు పేర్చే ఆటని తొంభైల అమెరికన్ల ఊపిరాడని ఉద్యోగ జీవితానికి ప్రతీకగా చదివారు. కానీ టెట్రిస్‌ని 1984లోనే, అదీ మాస్కోలో, అలెక్సీ పాజిట్నోవ్ చేశాడు. అంతే, 2001లో గేమ్ స్టడీస్ అనే జర్నల్ మొదలైనప్పుడు మొదటి సంచికలోనే మార్కు ఎస్కెలినెన్ దీన్ని ఉతికి ఆరేశాడు, ముక్కలు పడుతున్నాయి, సర్దాలి, వేగం పెరుగుతోంది, దీన్ని వదిలేసి లేని కథ అంటగడతారేంటి అని. ఆ జర్నల్ ఎడిటర్ ఎస్పెన్ ఆర్సెత్ ఇంకాస్త ముందుకెళ్ళి టూంబ్ రైడర్ ఆడేటప్పుడు అందులో హీరోయిన్ లారా క్రాఫ్ట్ శరీరం తనకి కనపడదని, వేరే రూపం పెట్టినా తన ఆట మారదని అన్నాడు. దానికి వచ్చిన విమర్శలు న్యాయమే అని నా అభిప్రాయం. ఆ బొమ్మ ఎలా గీయాలి అని మీటింగులు పెట్టి, డబ్బా మీద అదే వేసి, అదే చూపించి అమ్మి, చివరికి "ఆటకి సంబంధం లేదు" అంటే ఎలా? మరోవైపు మర్రీ చదివిన తీరు కూడా నాకు ఎక్కలేదు. ఇక ఈ గొడవలోనే ఉన్న గొంజాలో ఫ్రాస్కా 2003లో, అసలు ఈ డిబేట్ జరగనే లేదు, రూల్స్ మనుషులకి కూడా కథలు ఇష్టమే అని రాశాడు. కాబట్టి మీ డిసర్టేషన్‌లో దీనికి ఒక్క పేరా చాలు. చాలామంది స్టూడెంట్స్ ఇరవై పేజీలు ఈ గొడవకే పోసి తీరా గేమ్ దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు.

నాకు మాత్రం ఈ విషయం అవధానం చూసినప్పుడు తేటగా అర్థమవుతుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ప్రతి అడుగులో ఒక అక్షరం వద్దంటాడు, అవధాని పక్కనుంచి తప్పించుకుంటాడు, మళ్ళీ అడ్డు, ఈలోపు పక్కన గంట మోగుతుంది, అప్రస్తుత ప్రసంగి ఏదో గిల్లుతాడు. మర్నాడు పేపర్లో ఆ పద్యం ఒక్కటే అచ్చేస్తే ఛందస్సు, అర్థం, అలంకారం చెప్పగలం, ఏ అక్షరానికి ఎక్కడ అడ్డు పడిందో తెలియకపోతే సభ ఎందుకు ఊగిపోయిందో చెప్పలేం. అలాగని పద్యం బాగోకపోయినా పర్లేదు అడ్డు దాటాడు చాలు అనే సభ కూడా ఉండదు. గేమ్ కథని మాత్రమే చదివేవాళ్ళు అచ్చు పద్యం చదువుతున్నారు, రూల్స్ మాత్రమే చదివేవాళ్ళు నిషేధాల లిస్టు చదువుతున్నారు. మీరు సభలో కూర్చోవాలి.

రూల్స్ కూడా మాట్లాడతాయి అనేది ఇయన్ బోగోస్ట్ 2007లో వివరంగా రాశాడు, ప్రొసీజరల్ రెటరిక్ అంటాడు. దీన్ని అర్థం చేసుకోడానికి విదేశీ గేమ్ దాకా వెళ్ళక్కర్లేదు, ఇంట్లో వైకుంఠపాళి పటం తీయండి. నిచ్చెనలకి సుగుణాల పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు, పైన వైకుంఠం. పటం మీద రాసిందేమో మంచి చేస్తే పైకెళ్తావు చెడు చేస్తే కింద పడతావు అని. మరి ఆడేటప్పుడు నువ్వు ఎంచుకునేది ఏముంది? గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్ళు. భక్తి నిచ్చెన ఎక్కాలని ఎవడు అనుకున్నా ఎక్కలేడు, పడాలి. అంటే బొమ్మలు నీతి చెప్తున్నాయి, రూల్ మాత్రం తలరాత చెప్తోంది, రెండూ ఒకే పటం మీద కూర్చున్నాయి. ఇంగ్లండ్ వెళ్ళి స్నేక్స్ అండ్ లాడర్స్ అయ్యాక రాక్షసులు పోయారు, వైకుంఠం పోయింది, ఇప్పుడు చాలా పటాల మీద ఉత్త నంబర్లే, రూల్ మాత్రం అలాగే ఉంది. మా క్లాసులో మొదటి రోజు ఇదే ఆడిస్తాను, వీడియో గేమ్ చూసే కళ్ళు దీనితోనే తెరుచుకుంటాయి.

గేమ్ నుంచి సినిమాకో సీరియల్‌కో వెళ్ళేటప్పుడు ఏం జారిపోతుందో చూడటం కూడా మంచి పద్ధతి. ద లాస్ట్ ఆఫ్ అస్ 2013 గేమ్, 2023లో హెచ్‌బీఓ సిరీస్ (ఇక్కడ కథ బయటపెడుతున్నా, చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి). గేమ్‌లో బిల్ అనే అతని ఊరికి వెళ్తాం, అతని తోడు ఫ్రాంక్ అప్పటికే ఉరేసుకుని చనిపోయి ఉంటాడు, ఒక ఉత్తరం దొరుకుతుంది, అంతే. సిరీస్ మూడో ఎపిసోడ్ దాదాపు మొత్తం వాళ్ళిద్దరి జీవితం, ఏళ్ళకి ఏళ్ళు. ఎందుకు కుదిరింది? గేమ్‌లో ఆడేవాడు ఎవరి శరీరంలో ఉంటే కెమెరా వాళ్ళనే అంటిపెట్టుకుని ఉండాలి, హీరో జోయల్ లేని ఇరవై ఏళ్ళని చూపించడానికి దారి లేదు. సీరియల్‌కి ఆ కట్టుబాటు లేదు. తిరగేసి చూస్తే, చివర్లో ఆసుపత్రి సీన్, గేమ్‌లో అక్కడి డాక్టర్ని చంపే దాకా కథ ముందుకి కదలదు, ఆడేవాడే చెయ్యాలి, కంట్రోలర్ పక్కన పెట్టి కూర్చుంటే సీన్ అలాగే నిలబడి ఉంటుంది. సిరీస్‌లో జోయల్ చేశాడు, మనం చూశాం. ఏది గొప్ప అని తీర్పు అవసరం లేదు, ఏ మీడియం దేన్ని మొయ్యగలిగింది అన్నది రాయండి.

సినిమా నుంచి గేమ్‌కి అయితే అందరూ ఈటీ కథ చెప్తారు, 1982లో క్రిస్మస్ అమ్మకాల కోసం ఐదారు వారాల్లో చేసేశారు, దెబ్బతింది, మిగిలిన క్యాట్రిడ్జ్‌లు న్యూ మెక్సికో ఎడారిలో పాతిపెట్టారు, 2014లో తవ్వి తీశారు. పాత కథ, వదిలేయండి. దానికంటే మన పక్కింటిది చూడండి, 2017లో బాహుబలి గేమ్, చేసింది బెంగళూరులో మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్. రాజ్యం కట్టుకోవడం, సైన్యం పెంచుకోవడం, దాడి చెయ్యడం, అంటే క్లాష్ ఆఫ్ క్లాన్స్ దారి. సినిమాలో అంతా ఒక్క మనిషి బలం, జనం తల పైకెత్తి చూడటం. ఫోన్ గేమ్‌కి కావాల్సింది రోజూ నాలుగుసార్లు వచ్చి చూసుకునే పని, కట్టడం పూర్తయ్యేదాకా ఎదురుచూపు. కాబట్టి హీరోని చూసే జనంలోంచి ఆడేవాణ్ణి లేపి, రాజ్యం లెక్కలు చూసే మంత్రి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇది చెడు అనట్లేదు, ఫ్రీగా ఇచ్చే ఫోన్ గేమ్ డబ్బులు సంపాదించే తీరుకి ఆ రూపమే నప్పుతుంది. తెలుగు సినిమా, బెంగళూరు స్టూడియో, ఫోన్ మార్కెట్, మూడూ ఒకే చోట దొరికే కేసు ఇంకోటి నాకైతే తట్టట్లేదు.

ఈ రాకపోకలు కథల్లోనే కాదు, పనిముట్లలో కూడా జరుగుతున్నాయి. మ్యాండలోరియన్ అనే సిరీస్‌కి 2019లో పెద్ద ఎల్ఈడీ గోడల మీద అన్‌రియల్ ఇంజిన్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో లొకేషన్లు నడిపించారు, కెమెరా కదిలితే గోడ మీద కొండలు కూడా దానికి తగ్గట్టు కదులుతాయి, అది పూర్తిగా గేమ్ టెక్నాలజీ. మన హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్‌లో కూడా అలాంటి స్టేజ్ పెట్టారు. గేమ్ ఆర్ట్ నేర్చుకున్న పిల్లలు సినిమా వైపు, వీఎఫ్‌ఎక్స్ వాళ్ళు గేమ్స్ వైపు ఇక్కడ రోజూ మారుతుంటారు, రెండు చోట్లా సాఫ్ట్‌వేర్ దాదాపు ఒకటే కాబట్టి. ఎవరైనా ఆ పని చేసేవాళ్ళని ఇంటర్వ్యూ చేద్దామనుకుంటే ఒక హెచ్చరిక, ఎన్‌డీఏలు (పని రహస్యాలు బయట చెప్పకూడదనే ఒప్పందాలు) గట్టిగా ఉంటాయి, రిలీజ్ కాని ప్రాజెక్ట్ గురించి ఒక్క ముక్క చెప్పరు, చెప్పమని ఇరికించొద్దు కూడా. రోజువారీ పని, ఏ ఫీల్డ్ నుంచి వచ్చారు, ఏది మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది, ఇవి అడిగితే గంటలు గంటలు చెప్తారు.

టాపిక్ అడిగారు కదా. బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎమ్ వైపు పీజీల్లో రాత్రి పదిన్నర తర్వాత వినండి, నలుగురు తెలుగు కుర్రాళ్ళు నాలుగు మంచాల మీద కూర్చుని బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశం వెర్షన్) ఆడుతుంటారు, "జోన్ వస్తోంది రా", "నాక్ అయ్యా రివైవ్ ఇవ్వు", "మావా లూట్ తర్వాత, ముందు రష్ చేద్దాం", మధ్యలో కన్నడ ఫ్రెండ్ వస్తే భాష మారిపోతుంది. యూట్యూబ్‌లో తెలుగు స్ట్రీమర్లు ఇదే మాటని వేల మంది ముందు మాట్లాడతారు, అక్కడ క్రికెట్ కామెంటరీ ఉంది, సినిమా డైలాగులు ఉన్నాయి, ఊరి వెటకారం ఉంది. గదిలో ఆడేటప్పుడు మాట ఎలా ఉంది, అదే మనిషి లైవ్ పెట్టినప్పుడు ఎలా మారింది, ఇది పోల్చండి. మీకు తెలుగు వచ్చు, ఈ ఊర్లో ఉన్నారు, వేరేవాళ్ళకి ఈ సౌలభ్యం లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, రికార్డ్ చేసే ముందు గదిలో అందరి అనుమతి తీసుకోండి, లైన్‌లో అవతల ఎవరో తమ్ముడు పదో క్లాస్ పిల్లాడు ఉంటాడు, వాడి గొంతు మీ డేటాలో ఉండకూడదు.

బీజీఎంఐ తీసుకుంటే ఇంకో కోణం కూడా వస్తుంది, ప్రభుత్వం. పబ్‌జీ మొబైల్ 2020 సెప్టెంబర్‌లో బ్యాన్ అయింది, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్ళీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. మన దేశం వెర్షన్‌లో రక్తం పచ్చరంగు చేశారు, "కిల్స్" బదులు "ఫినిషెస్" అంటారు, ఇది నిజ ప్రపంచం కాదు అని గుర్తుచేసే మాటలు పెట్టారు. సినిమాకి సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది, గేమ్స్‌కి అలాంటి బోర్డు లేదు, అయినా సిగరెట్ సీన్ కింద వచ్చే హెచ్చరిక లాంటి వాసన ఇక్కడ వస్తోంది కదా, దీని మీద రాయొచ్చు.

పేపర్ కటింగ్స్ సేకరించేటప్పుడు కాస్త జాగ్రత్త. మన పత్రికల్లో "ఆన్‌లైన్ గేమింగ్" అంటే సగం సార్లు రమ్మీ యాప్ అని అర్థం, మిగతా సగం పబ్‌జీ. 2025 ఆగస్టులో పార్లమెంట్ చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడేవాటిని నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ని (పోటీలుగా ఆడే వీడియో గేమ్స్‌ని) వేరే లెక్కలో పెట్టింది, మీరు కూడా మొదటి చాప్టర్‌లోనే విడదీసేయండి. సరదాకి చెప్తున్నా, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పిన కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద వచ్చిందే.

ఇక పని ఎలా చెయ్యాలి. గేమ్ అనేది అచ్చయిన పుస్తకం కాదు, నిన్నటి అప్‌డేట్‌తో మీరు రాసింది మారిపోవచ్చు. అందుకే వెర్షన్ నంబర్, తేదీ, ఏ ఫోన్, ఏ డిఫికల్టీ, ఏ భాష సెట్టింగ్, ప్రతి సెషన్‌కి రాసుకోండి. స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకోండి, కానీ రికార్డింగ్ చూసి మాత్రమే రాయకండి, ఆడిన వెంటనే ఒక పేజీ చేత్తో రాయండి, ఎక్కడ చిరాకొచ్చింది, ఎక్కడ వేళ్ళు వాటంతట అవే పోయాయి, ఎక్కడ కథ వినకుండా స్కిప్ కొట్టారు. ఆ స్కిప్ చాలా ముఖ్యం, డిజైనర్లు నెలలు పెట్టి చేసినదాన్ని ఆడేవాళ్ళు అర సెకనులో దాటేస్తారు, ఎక్కడ దాటేస్తున్నారో చూస్తే ఏ మీడియా ముక్క అక్కడ అతకలేదో తెలిసిపోతుంది. మీరొక్కరే ఆడితే చాలదు, ఎప్పుడూ గేమ్స్ ఆడని మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టి ఆడించండి, మీ అమ్మగారైనా పర్లేదు, మీరు గమనించనివి పది బయటపడతాయి. యూట్యూబ్‌లో వేరేవాళ్ళు గేమ్ ఆడి చూపించే వాక్‌త్రూలు చూసి థీసిస్ రాసేవాళ్ళు ఉన్నారు, వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పాత గేమ్స్ కావాలంటే కష్టమే. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత డాస్ గేమ్స్ (విండోస్‌కి ముందు కాలం పీసీ గేమ్స్) బ్రౌజర్‌లోనే నడుస్తాయి, అక్కడ వెతకండి. మన దేశం కోణంలో రాసినవాళ్ళలో కోల్‌కతాలో పనిచేసే సౌవిక్ ముఖర్జీని తప్పక చదవండి, వలస పాలన చరిత్రని గేమ్స్ ఎలా ఆడిస్తాయో ఆయన 2017లో పుస్తకం రాశారు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డిజైన్ కోర్సు ఉంది, అక్కడి స్టూడెంట్స్‌తో పరిచయం చేసుకుంటే ఆడి చూడ్డానికి, తయారీ గురించి అడగడానికి మనుషులు దొరుకుతారు.

ఫోన్ సంగతి: ధైర్యంగా చెయ్యండి. మన దేశంలో ఎక్కువమంది ఆడేది ఫోన్ మీదే, కన్సోల్ గేమ్ మీద రాస్తే పైగా "ఇది ఇక్కడ ఎంతమంది ఆడతారు" అనే ప్రశ్నకి మీరే జవాబు చెప్పుకోవాలి. ఫోన్ గేమ్‌కి దానిదంటూ మీడియా చుట్టరికం ఉంది, మధ్యలో వచ్చే యాడ్స్, వాట్సాప్ నోటిఫికేషన్ వచ్చి ఆట ఆగిపోవడం, బస్సులో సౌండ్ ఆపేసి ఆడటం, మెట్రోలో నిలబడి ఒంటిచేత్తో ఆడటం. సంగీత దర్శకుడు కష్టపడి కట్టిన పాటని సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఎవరు వింటారు, మ్యూట్‌లో కూడా అర్థమయ్యేలా గేమ్ చెయ్యమని మాకు చెప్పేవాళ్ళు. సినిమా హాల్ మీద థియరీ రాసినవాళ్ళు చీకటి గది, పెద్ద తెర అనుకుని రాశారు, అవేవీ లేనిచోట ఏం మిగిలిందో మీరు రాయండి. రికార్డింగ్‌కి ఫోన్‌లో ఉన్న స్క్రీన్ రికార్డర్ చాలు, ఫైల్స్ మాత్రం ఏరోజుకారోజు వేరే చోట కాపీ చేసుకోండి, స్టోరేజ్ నిండిపోతే ముందు డిలీట్ అయ్యేవి అవే. గైడ్‌ని కలిసే ముందు ఒక్క గేమ్, అందులో వేరే మీడియా నుంచి వచ్చిన ఒక్క వస్తువు ఎంచుకుని రెండు పేజీలు రాసి పట్టుకెళ్ళండి, ఆయనతో సినిమానా గేమా అని మాటల్లో వాదించేకంటే ఆ రెండు పేజీలు బల్ల మీద పెట్టడం తేలిక.